లాక్ స్క్రీన్‌లో ఒక పిన్, అడ్మిన్ అడిగేది ఇంకో పిన్: ఏ అకౌంటుకి ఏది?

పట్నంబజారు

నమస్కారమండి. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు, అందులో రెండు సిస్టమ్‌లు. ఒకటి విండోస్ 11 హోమ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్. అమ్మిన షాపువాళ్లే అంతా సెట్ చేసి ఇచ్చారు. రెండోది విండోస్ 10 డెస్క్‌టాప్, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ డేటా అందులో ఉంటుంది.

ల్యాప్‌టాప్ నాలుగంకెల పిన్‌తో మామూలుగానే తెరుచుకుంటుంది. ప్రింటర్ డ్రైవర్ వేయబోతే మాత్రం స్క్రీన్ మసకబారి మళ్లీ పిన్ అడుగుతోంది. అదే పిన్ కొడితే తప్పంటోంది. ఇక ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌లోని టాలీ ఫోల్డర్ తెరవబోతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కావాలంటోంది. పిన్ తీసుకోవడం లేదు, మా జీమెయిల్ పాస్‌వర్డూ తీసుకోవడం లేదు. ఇది ఒకటే సమస్యా, రెండా?

గవర్నర్‌పేట సర్వీస్

రెండండి. ముందు కొన్ని చూసి చెప్పండి. విండోస్ కీ పట్టుకుని ఐ నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. అందులో ‘అకౌంట్స్’, దాంట్లో ‘యువర్ ఇన్ఫో’. మీ పేరు కింద మెయిల్ ఐడీ ఉందా, ‘లోకల్ అకౌంట్’ అని ఉందా? ‘అడ్మినిస్ట్రేటర్’ అనే మాట ఉందా, లేదా?

తర్వాత మళ్లీ డ్రైవర్ ఇన్‌స్టాల్ నొక్కండి. పిన్ అడిగే పెట్టె వచ్చినప్పుడు ఆ గడికి పైన ఎవరి పేరుందో చదవండి. అందరి చూపూ గడి మీదకే పోతుంది, పేరు ఎవరూ చూడరు. సగం జవాబు ఆ పేరులోనే ఉంటుంది.

లాక్ స్క్రీన్‌లో ఎడమ వైపు కింద మూల ఎన్ని పేర్లు కనిపిస్తున్నాయో కూడా రాయండి.

పట్నంబజారు

‘లోకల్ అకౌంట్’ అని ఉంది. అడ్మినిస్ట్రేటర్ అనే మాట లేదు. డ్రైవర్ పెట్టెలో మాది కాని పేరు, దాని కింద ఒక ఔట్‌లుక్ మెయిల్ ఐడీ ఉన్నాయి. లాక్ స్క్రీన్‌లో రెండు పేర్లున్నాయి. రెండోది ఆ మెయిల్ ఐడీ పేరే.

గవర్నర్‌పేట సర్వీస్

అయితే తేలిపోయింది. షాపువాళ్లు మొదట తమ మెయిల్‌తో విండోస్ సెటప్ చేశారు. ఆ అకౌంటు అడ్మిన్ (అడ్మినిస్ట్రేటర్) అయింది, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చే అధికారం దానిదే. తర్వాత మీకోసం ఒక లోకల్ అకౌంటు కలిపారు. అలా కలిపినది మనం మార్చకపోతే స్టాండర్డ్‌గానే, అంటే ఆ అధికారం లేకుండానే ఉంటుంది. అందుకే మీ పిన్ మీ అకౌంటు తెరవడానికే పనికొస్తుంది. డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి, ఆ పెట్టె అడిగేది వాళ్ల పిన్‌ని.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతుంటాయి, విడివిడిగా చూడండి. మొదటిది అకౌంటు ఎక్కడిది అనేది. లోకల్ అయితే ఆ మిషన్‌లోనే పుట్టి అక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అయితే మెయిల్ ఐడీతో ముడిపడి ఉంటుంది. రెండోది అకౌంటుకి అధికారం ఎంత అనేది, అంటే అడ్మిన్నా, స్టాండర్డా. మొదటిదానికీ రెండోదానికీ సంబంధం లేదు. లోకల్ అకౌంటు అడ్మిన్ కావచ్చు, మైక్రోసాఫ్ట్ అకౌంటు స్టాండర్డ్ కావచ్చు. ‘మెయిల్ ఐడీ పెడితే అడ్మిన్ అవుతాం’ అన్నది ఈ వేదికలోనే చాలాసార్లు చూశాను. అది నిజం కాదు. మొట్టమొదట సెటప్‌లో పెట్టిన అకౌంటే అడ్మిన్ అవుతుంది, అది ఏ రకమైనా సరే.

బ్రాడీపేట 4వ లైను

పిన్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, టాలీ ఫోల్డర్ సమస్యకీ ఇదే ఆధారం.

పిన్ ఆ ఒక్క మిషన్‌లో, ఆ ఒక్క అకౌంటుకి మాత్రమే చెల్లుతుంది. మదర్‌బోర్డులోనో ప్రాసెసర్‌లోనో ఉండే టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్‌లో ఒక తాళం తయారై ఉంటుంది. పిన్ కొడితే ఆ తాళం వాడుకోవడానికి అనుమతి వస్తుంది, అంతే. పిన్ నెట్ మీదుగా ఎక్కడికీ పోదు, మైక్రోసాఫ్ట్ సర్వర్లలోనూ ఉండదు. అందుకే ఇంట్లో, కొట్లో ఒకే మెయిల్ ఐడీతో రెండు ల్యాప్‌టాప్‌లున్నా పిన్‌లు వేర్వేరుగా ఉండొచ్చు. ఒకదాంట్లో మారిస్తే రెండోదాంట్లో మారదు.

పాస్‌వర్డ్ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్ వాళ్ల సర్వర్‌లో సరిచూస్తారు, కాబట్టి ఏ మిషన్‌లో అయినా అదే. లోకల్ అకౌంటు పాస్‌వర్డ్ ఆ మిషన్‌కే పరిమితం, కానీ లాన్‌లో (కొట్టు నెట్‌వర్క్‌లో) పక్క సిస్టమ్ నుంచి వచ్చేవాళ్లు కూడా దాంతో లోపలికి రావచ్చు. పిన్‌తో మాత్రం రాలేరు.

ఇక జీమెయిల్. మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరవడానికి జీమెయిల్ ఐడీ కూడా వాడొచ్చు. అప్పుడు ఐడీ ఒకటే, పాస్‌వర్డ్‌లు రెండు: మెయిల్ చూసుకోవడానికి గూగుల్‌ది, విండోస్‌కి మైక్రోసాఫ్ట్‌ది. చాలామంది లాక్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ పడలేదని ఫోన్‌లో జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చేస్తారు. విండోస్ దాన్ని పట్టించుకోదు. మార్చాల్సింది అకౌంట్ డాట్ లైవ్ డాట్ కామ్‌లో. కోడ్ జీమెయిల్‌కే వస్తుంది, కొత్త పాస్‌వర్డ్ మాత్రం మైక్రోసాఫ్ట్‌కి పెడుతున్నారు. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోకండి, ఏది ఎక్కడిదో మళ్లీ తెలియకుండా పోతుంది.

సత్యనారాయణపురం

ఇంత తలనొప్పి ఎందుకు? కొట్టు సిస్టమే కదా, పిన్ తీసేసి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే సరిపోదా?

పటమట నెట్‌వర్క్

సరిపోదండి. పైగా టాలీ ఫోల్డర్ అసలే తెరుచుకోదు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న లోకల్ అకౌంటుతో మిషన్ ముందు కూర్చుని లాగిన్ కావడానికే విండోస్ ఒప్పుకుంటుంది, నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. ఇది విండోస్‌లో ముందే ఆన్ చేసి ఉండే సెక్యూరిటీ పాలసీ. కొట్లో పదిమంది తిరిగే చోట డేటాకి కాపలా లేకపోవడం ఎలాగూ మంచిది కాదు.

టాలీ ఫోల్డర్‌కి నేను చెప్పేది ఇది. షేర్ కోసమే డెస్క్‌టాప్‌లో ఒక లోకల్ అకౌంటు పెట్టండి. మైక్రోసాఫ్ట్ అకౌంటు వద్దు, అడ్మిన్ అసలే వద్దు.

డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, ‘ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్’. ‘యాడ్ సమ్‌వన్ ఎల్స్’ నొక్కితే మెయిల్ అడుగుతుంది. కిందున్న ‘ఐ డోంట్ హావ్ దిస్ పర్సన్స్ సైన్-ఇన్ ఇన్ఫర్మేషన్’ నొక్కండి. తర్వాతి తెరలో ‘యాడ్ ఏ యూజర్ వితౌట్ ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్’. పేరు చిన్నగా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి, ఉదాహరణకు ‘టాలీషేర్’. ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయండి. పాస్‌వర్డ్ తప్పనిసరి. మూడు సెక్యూరిటీ ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు కొట్టు రిజిస్టర్‌లో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు టాలీ డేటా ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’. ‘షేర్ దిస్ ఫోల్డర్’ టిక్ చేసి ‘పర్మిషన్స్’ తెరవండి. అక్కడున్న ‘ఎవ్రీవన్’ తీసేసి ‘టాలీషేర్’ కలిపి ‘చేంజ్’, ‘రీడ్’ ఇవ్వండి. ఇక్కడితో అయిపోయిందని ఆపేస్తారు చాలామంది. పక్కనున్న ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో కూడా అదే పేరు కలిపి ‘మాడిఫై’ ఇవ్వాలి. రెండు అనుమతుల్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. సెక్యూరిటీలో చదవడానికే అనుమతి ఉంటే ఫోల్డర్ తెరుచుకుంటుంది, కంపెనీ కనిపిస్తుంది, వోచర్ ఎక్కించబోతే మాత్రం సేవ్ కాదు.

ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్, ‘క్రెడెన్షియల్ మేనేజర్’, ‘విండోస్ క్రెడెన్షియల్స్’, ‘యాడ్ ఏ విండోస్ క్రెడెన్షియల్’. మొదటి గడిలో డెస్క్‌టాప్ పేరు. రెండో గడిలో డెస్క్‌టాప్ పేరు, వెనక్కి వాలిన గీత (\), టాలీషేర్. మూడో గడిలో పాస్‌వర్డ్. ముందు డెస్క్‌టాప్ పేరు రాయకపోతే ఆ యూజర్ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాడేమో అని విండోస్ వెతికే అవకాశం ఉంది. కాబట్టి పూర్తిగా రాయండి.

‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ ఆఫ్ చేయమని ఎవరైనా చెబితే చేయకండి. కొట్టు వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడికీ లెక్కలు తెరిచి పెట్టినట్టే. రెండు సిస్టమ్‌లలోనూ నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ అని ఉందో లేదో చూడండి. ‘పబ్లిక్’ అని ఉంటే ఇవన్నీ సరిగ్గా చేసినా డెస్క్‌టాప్ కనిపించకపోవచ్చు.

పట్నంబజారు

అకౌంటు పెట్టాను, షేర్ ఇచ్చాను. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒకే యూజర్ ఒకటికంటే ఎక్కువ పేర్లతో ఒకే సర్వర్‌కి కనెక్ట్ కాకూడదని ఏదో ఎర్రర్ వస్తోంది.

పటమట నెట్‌వర్క్

1219 ఎర్రర్ అది. ఇంతకుముందు వేరే పేరుతో చేసిన కనెక్షన్ ఇంకా తెరిచే ఉందని అర్థం. క్రెడెన్షియల్ మేనేజర్‌లో డెస్క్‌టాప్ పేరు మీద పాత ఎంట్రీ ఉంటే తీసేయండి. మ్యాప్ చేసిన డ్రైవ్ ఏదైనా ఉంటే రైట్ క్లిక్ చేసి ‘డిస్‌కనెక్ట్’. తర్వాత ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. ఎక్స్‌ప్లోరర్ మూసి తెరిస్తే చాలదు, సైన్ అవుట్ కావాల్సిందే.

పట్నంబజారు

టాలీ తెరుచుకుంది, వోచర్ సేవ్ అవుతోంది. థాంక్సండి. ఇక ల్యాప్‌టాప్ అడ్మిన్ సంగతి. షాపువాళ్లకి ఫోన్ చేస్తే పిన్ గుర్తులేదు, మెయిల్ పాస్‌వర్డ్ అయితే ఉందంటున్నారు. అది తీసుకుని వాళ్ల అకౌంటు డిలీట్ చేసేయనా?

గవర్నర్‌పేట సర్వీస్

ఆగండి, ఇప్పుడే డిలీట్ చేయొద్దు. ఆ అకౌంటుతో పోయేవి రెండున్నాయి, అవి చూసుకున్నాకే.

మొదటిది ఆఫీస్. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ఆఫీస్ మొదటిసారి ఏ మైక్రోసాఫ్ట్ అకౌంటులో యాక్టివేట్ చేస్తే ఆ లైసెన్స్ దానికే అంటుకుపోతుంది. తర్వాత ఇంకో మెయిల్‌కి మార్చడం కుదరదు. వాళ్ల అకౌంటులో వర్డ్ తెరిచి, ఫైల్, ‘అకౌంట్’ నొక్కండి. అక్కడ లైసెన్స్ ఏ మెయిల్‌దో కనిపిస్తుంది. యాక్టివేట్ కాకుండా ఉంటే మీ మెయిల్‌తో చేసుకోండి. వాళ్ల మెయిల్‌తో అయిపోయి ఉంటే మటుకు, ఆ ఔట్‌లుక్ ఐడీనే పూర్తిగా మీకు అప్పగించమని అడగండి. ఐడీ ఈ ఒక్క ల్యాప్‌టాప్ కోసమే తెరిచినదైతే వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

రెండోది డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకి తాళం వేయడం. విండోస్ 11 హోమ్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెటప్ చేస్తే చాలా మోడళ్లలో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ దానంతటదే ఆన్ అవుతుంది. దాని రికవరీ కీ, 48 అంకెలు, ఆ మెయిల్ అకౌంటులోకే పోయి కూర్చుంటుంది. అంటే ఇప్పుడు మీ డిస్క్ తాళం షాపువాళ్ల దగ్గరుంది. రేపు బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేటో మదర్‌బోర్డు రిపేరో జరిగి నీలం తెర మీద రికవరీ కీ అడిగితే, మీ పిన్ కొట్టినా పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోదు.

కాబట్టి ఈ వరసలో వెళ్లండి:

లాక్ స్క్రీన్‌లో వాళ్ల పేరు నొక్కి, వైఫై ఉందని చూసుకుని, ‘ఐ ఫర్గాట్ మై పిన్’ నొక్కండి. మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాత వాళ్ల ఫోన్‌కి కోడ్ వస్తుంది. కాబట్టి ఈ పని వాళ్లు లైన్‌లో ఉన్నప్పుడే చేయాలి. కొత్త పిన్ పెట్టి లోపలికి వెళ్లండి.

సెట్టింగ్స్, అకౌంట్స్, ‘అదర్ యూజర్స్’. మీ పేరు నొక్కి ‘చేంజ్ అకౌంట్ టైప్’, ‘అడ్మినిస్ట్రేటర్’, ఓకే.

‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్ ఉంటే ఆఫ్ చేయండి. చార్జర్ పెట్టే ఉంచండి, డిస్క్‌లో ఉన్నదాన్నిబట్టి బాగా టైం పడుతుంది. పూర్తయ్యేదాకా ఆగండి.

సైన్ అవుట్ అయి మీ అకౌంటులోకి రండి. ‘యువర్ ఇన్ఫో’లో ఈసారి ‘అడ్మినిస్ట్రేటర్’ అని కనబడాలి. అది కళ్లారా చూశాకే వాళ్ల అకౌంటు జోలికి వెళ్లండి. ‘అదర్ యూజర్స్’లో వాళ్ల పేరు నొక్కి ‘రిమూవ్’ చేస్తే ఆ అకౌంటు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ చెరిగిపోతాయి. మీ ఫైళ్లేమైనా అక్కడ పడ్డాయేమో ముందే చూసుకోండి.

మీకు ఎన్‌క్రిప్షన్ కావాలంటే చివర్లో మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంటు పెట్టి మళ్లీ ఆన్ చేయండి. ఈసారి కీ మీ మెయిల్‌లోకి వెళుతుంది. దాన్ని ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి, ఆ ల్యాప్‌టాప్‌లోనే ఫైల్‌గా మాత్రం దాచకండి.

ఏలూరు రోడ్డు

షాపువాళ్లు అసలు ఫోనే ఎత్తకపోతే?

గవర్నర్‌పేట సర్వీస్

స్టాండర్డ్ అకౌంటుతో అడ్మిన్‌ని దాటే దొంగదారులు నెట్‌లో కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు, ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్ మీద చేస్తే ఫైళ్లు పోతాయి. మీ ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇంకో సిస్టమ్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 11 తయారు చేసి, ల్యాప్‌టాప్‌ని దాన్నుంచి బూట్ చేసి పార్టిషన్లు తీసేసి కొత్తగా వేయండి. హోమ్ లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి కీ అడిగినా ‘ఐ డోంట్ హావ్ ఏ ప్రొడక్ట్ కీ’ నొక్కి ముందుకెళ్లొచ్చు. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఆఫీస్ మాత్రం షాపు మెయిల్‌తో యాక్టివేట్ అయి ఉంటే తిరిగి రాదు. బిల్లు ఉంది కాబట్టి దాని గురించి షాపుతో గట్టిగా మాట్లాడండి.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లందరికీ ఒక మాట. సెటప్ షాపులో చేయించుకోవద్దు. చేయించుకోక తప్పకపోతే మీ మెయిల్ ఐడీతో, మీ ఫోన్‌కి కోడ్ వచ్చేలా, మీ ఎదురుగానే చేయించుకోండి.

నల్లపాడు

ఇంజినీరింగ్ కాలేజీ మెయిల్‌తో టీమ్స్‌లో లాగిన్ అయ్యాక నాలుగంకెల పిన్ చాలదు, ఆరంకెలు కావాలంటోంది. సెట్టింగ్స్‌లో కొన్నిచోట్ల మీ సంస్థ నిర్వహిస్తోందని కూడా వస్తోంది. ల్యాప్‌టాప్ సొంతది.

బ్రాడీపేట 4వ లైను

టీమ్స్‌లో మొదటిసారి లాగిన్ అయ్యాక ‘అలౌ మై ఆర్గనైజేషన్ టు మేనేజ్ మై డివైస్’ అనే టిక్ ముందే పెట్టి ఉన్న పెట్టె వచ్చి ఉంటుంది. ఓకే నొక్కితే కాలేజీ అకౌంటు ఆ ఒక్క యాప్‌కే కాకుండా మొత్తం విండోస్‌కి తగులుకుంటుంది. అక్కడి పాలసీ వచ్చి మీద పడుతుంది. సంస్థల పిన్‌కి మైక్రోసాఫ్ట్ పెట్టిన మామూలు కనీస పొడవు ఆరంకెలు, సొంత సిస్టమ్‌కి నాలుగు.

సెట్టింగ్స్, అకౌంట్స్, ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’లో ఆ మెయిల్ నొక్కి ‘డిస్‌కనెక్ట్’ చేయండి. దానికి ముందు మీరు విండోస్‌లోకి వస్తున్నది కాలేజీ అకౌంటుతో కాదని ‘యువర్ ఇన్ఫో’లో చూసుకోండి. తర్వాత టీమ్స్‌లో మళ్లీ లాగిన్ అయి, ఆ పెట్టె వచ్చినప్పుడు టిక్ తీసేసి ‘నో, సైన్ ఇన్ టు దిస్ యాప్ ఓన్లీ’ నొక్కండి. అది చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది, పెద్ద ఓకే బటన్ కాదు.

బీసెంట్ రోడ్డు డీటీపీ

మా దగ్గర ఒక సిస్టమ్‌లో పిన్ పడుతుంది, పాస్‌వర్డ్ మాత్రం ఎంత సరిగ్గా కొట్టినా తప్పంటోంది.

పటమట నెట్‌వర్క్

తెలుగు కీబోర్డు వేసి ఉన్న సిస్టమేనా? లాక్ స్క్రీన్‌లో కుడి పక్క కింద భాష గుర్తు చూడండి. అది తెలుగు మీద ఉంటే మీరు కొట్టే ఇంగ్లిష్ అక్షరాల బదులు తెలుగు అక్షరాలు పడుతుంటాయి, చుక్కల వెనక మీకు కనిపించవు. పాస్‌వర్డ్ గడిలో కన్ను గుర్తు నొక్కి పట్టుకుంటే ఏం పడుతుందో తెలుస్తుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి. క్యాప్స్ లాక్ కూడా చూసుకోండి.

పిన్ పడకపోతే కుడి వైపు అంకెల గుంపులో నమ్ లాక్ ఆగి ఉందేమో చూడాలి. పిన్ వరసగా తప్పు కొడుతూ పోతే ఒక దశలో ‘ఏ1బీ2సీ3’ అని టైప్ చేయమంటుంది. కీబోర్డు సరిగ్గా పనిచేస్తోందా, పొరపాటున నొక్కుతున్నారా అని అది చూస్తోంది. ఆ తర్వాతా తప్పితే రీస్టార్ట్ చేయమంటుంది. అలా కొడుతూనే ఉంటే టీపీఎమ్ తాళం వేసుకుంటుంది. విండోస్ పెట్టే లెక్క 32 తప్పులు. పది నిమిషాలకొక తప్పు చొప్పున అది మరిచిపోతుంది, ఆ టైంలో మిషన్ ఆన్‌లోనే ఉండాలి. పిన్ గుర్తు రాకపోతే ఊహించి కొట్టడం ఆపి ‘ఐ ఫర్గాట్ మై పిన్’కి వెళ్లడమే నయం.

అజిత్‌సింగ్‌నగర్ అసెంబుల్డ్

బయోస్ అప్‌డేట్ తర్వాత ‘సమ్‌థింగ్ హ్యాపెన్డ్ అండ్ యువర్ పిన్ ఈజ్‌న్ట్ అవైలబుల్’ అని వచ్చేవాళ్లకి నా వంతు.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో టీపీఎమ్ విడి చిప్‌గా ఉండదు, ఎక్కువగా ప్రాసెసర్‌లోనే ఉంటుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, ప్రాసెసర్ మార్చినా దానిలోని పాత తాళం పోవచ్చు. తాళం పోతే పిన్ పనిచేయదు. పిన్ మీరు మరిచిపోలేదు, అది ఉండాల్సిన చోటే ఖాళీ అయింది. ఏఎమ్‌డీ బోర్డుల్లో ఈ సమయంలో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక ప్రశ్న వస్తుంది: ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోని టీపీఎమ్) రీసెట్ చేయాలంటే వై నొక్కు, పాతదే ఉంచాలంటే ఎన్ నొక్కు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ లేకుండా బూట్ కాదని కూడా అక్కడే రాసి ఉంటుంది. కంగారులో వై కొట్టేస్తారు. రికవరీ కీ చేతిలో ఉంటేనే వై. లేకపోతే ఎన్ కొట్టి, లోపలికి వెళ్లగలిగితే ముందు కీ తీసిపెట్టుకోండి.

బయోస్ అప్‌డేట్ చేయబోయేవాళ్లు మూడు పనులు ముందే చేయాలి. రికవరీ కీ తీసుకోవాలి. అకౌంటు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఒకసారి దాంతోనే లాగిన్ అయి చూసుకోవాలి, ఎందుకంటే నెలల తరబడి పిన్‌తోనే లోపలికి వచ్చేవాళ్లకి పాస్‌వర్డ్ అసలు గుర్తుండదు. బిట్‌లాకర్ ఉంటే దాన్ని ‘సస్పెండ్’ చేయాలి. హోమ్‌లో సస్పెండ్ బటన్ ఉండదు, అక్కడ డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి తర్వాత ఆన్ చేసుకోవడమే సులువు.

అప్పటికే ఎర్రర్ వచ్చేసి ఉంటే ‘సైన్-ఇన్ ఆప్షన్స్’లో తాళంచెవి గుర్తు నొక్కి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. సెట్టింగ్స్, అకౌంట్స్, ‘సైన్-ఇన్ ఆప్షన్స్’, పిన్, ‘ఐ ఫర్గాట్ మై పిన్’. కొత్త పిన్ పెట్టుకుంటే కొత్త టీపీఎమ్‌లో కొత్త తాళం తయారవుతుంది. వేలిముద్ర కూడా అప్పుడే మళ్లీ ఎక్కించుకోండి.

కృష్ణలంక

నాకు ఆ తాళంచెవి గుర్తే కనిపించడం లేదండి. పిన్ ఒక్కటే ఉంది. సెట్టింగ్స్‌లో పిన్ ‘రిమూవ్’ బటన్ కూడా బూడిద రంగులో ఉంది, నొక్కనివ్వదు. ‘నెట్‌ప్లవిజ్’ అనే యూజర్ అకౌంట్ల పెట్టెలో పాస్‌వర్డ్ అడగకుండా చేసే టిక్ ఉంటుందన్నారు, అదీ లేదు.

బ్రాడీపేట 4వ లైను

మూడింటికీ కారణం ఒకటే స్విచ్. ‘సైన్-ఇన్ ఆప్షన్స్’లో కొంచెం కిందకి వెళ్తే ‘అడిషనల్ సెట్టింగ్స్’ ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ అకౌంట్లకి విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖం) సైన్-ఇన్ మాత్రమే అనుమతించు అనే అర్థం వచ్చే వాక్యం పక్కన ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే లాక్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ దారి మూసేస్తారు, పిన్ తీసేయనివ్వరు, నెట్‌ప్లవిజ్‌లో టిక్ దాచేస్తారు. ఆఫ్ చేసి, సెట్టింగ్స్ మూసి మళ్లీ తెరవండి. రిమూవ్ బటన్ మామూలు రంగులోకి వస్తుంది. సైన్ అవుట్ అయి చూస్తే తాళంచెవి గుర్తు కూడా కనిపిస్తుంది.

నెట్‌ప్లవిజ్‌లో ఆ టిక్ తీసే పని మాత్రం చేయొద్దని నా సలహా. ల్యాప్‌టాప్ ఎవరు తెరిచినా నేరుగా లోపలికి పోతారు. బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డ్‌లతో సహా అన్నీ వాళ్ల చేతికి వస్తాయి.

ఏలూరు రోడ్డు

లోకల్ అకౌంటు పాస్‌వర్డే మరిచిపోతే? పిన్ కూడా లేదు. విండోస్ 10.

గవర్నర్‌పేట సర్వీస్

తప్పు పాస్‌వర్డ్ ఒకసారి కొట్టండి, కింద ‘రీసెట్ పాస్‌వర్డ్’ వస్తుంది. మూడు సెక్యూరిటీ ప్రశ్నలకి జవాబులు సెటప్‌లో ఎలా రాశారో అలాగే కొట్టాలి. ఈ సౌకర్యం 1803 వెర్షన్ నుంచి ఉంది. ప్రశ్నలు పెట్టుకోకపోతే అదే సిస్టమ్‌లో ఇంకో అడ్మిన్ అకౌంటు ఉందేమో చూడండి. దాన్నుంచి పాస్‌వర్డ్ మార్చవచ్చు. అలా మారిస్తే ఆ అకౌంటులో దాచిన పాస్‌వర్డ్‌లు, విండోస్‌తో విడిగా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు అందకుండా పోతాయి, మామూలు ఫైళ్లకి ఏమీ కాదు. అదీ లేకపోతే ఫైళ్లు బయటకి తీసుకుని కొత్తగా ఓఎస్ వేయడమే. లోకల్ అకౌంటుకి మైక్రోసాఫ్ట్ దగ్గర అడిగేదేమీ ఉండదు, వాళ్ల దగ్గర ఆ పాస్‌వర్డే లేదు.

విండోస్ 10 అన్నారు కాబట్టి ఇది కూడా. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సొంత వాడకందారులకి ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరాలంటే మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ ఇన్ కావాలి. లోకల్ అకౌంటుతో ఉన్నవాళ్లని ఆ దశలో మెయిల్ అడిగేది అందుకే. అక్కడ ఇచ్చే మెయిల్ ఫోన్ నంబర్ మారిపోయిన పాతది కాకుండా చూసుకోండి. రికవరీ నంబరు, మెయిల్ రెండూ మీ చేతిలో లేకపోతే వాటిని మార్చుకోవడానికి మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది, ఆ గడువు తగ్గించే దారి లేదు.

పట్నంబజారు

షాపువాళ్లు లైన్‌లో ఉండగానే కోడ్ చెప్పారు. ఇప్పుడు మా పేరు కింద ‘అడ్మినిస్ట్రేటర్’ అని వస్తోంది. ఆఫీస్ ఇంకా యాక్టివేట్ కాలేదు కాబట్టి మా మెయిల్‌తో చేసుకున్నాం. డిస్క్ డీక్రిప్షన్ నడుస్తోంది. గుమాస్తా కూడా ఇదే ల్యాప్‌టాప్ వాడతాడు. ఆయనకీ మా అడ్మిన్ పిన్ ఇవ్వాలా?

గవర్నర్‌పేట సర్వీస్

ఇవ్వొద్దండి. ఆయన పేరుతో ఒక లోకల్ స్టాండర్డ్ అకౌంటు, ఆయన సొంత పిన్. టాలీ, ప్రింటు, బ్రౌజర్ అన్నీ దాంట్లో నడుస్తాయి. టాలీషేర్ వివరాలు ఆయన అకౌంటులో ఉన్న క్రెడెన్షియల్ మేనేజర్‌లో విడిగా ఎక్కించాలి, మీ దాంట్లో ఎక్కించినది ఆయనకి వర్తించదు. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే పెట్టెలో మీ పేరు వస్తుంది, అప్పుడు మీరు వచ్చి మీ పిన్ కొట్టండి. ఎదురుగా కొట్టాల్సి వస్తుంది కాబట్టి, ఆ పిన్ మీ ఏటీఎం కార్డుదో ఫోన్‌దో కాకుండా చూసుకోండి.